కోర్ రిగ్ వాటర్ స్వివెల్ ప్యాకింగ్ మూడు షిఫ్టులు కూడా ఆగట్లేదు, కారణం ఏమై ఉంటది?

కోర్‌రిగ్_భూపాలపల్లి:

అన్నలందరికి నమస్తే. భూపాలపల్లి దిక్కు బొగ్గు కోసం కోర్ డ్రిల్లింగ్ నడుస్తున్నది. ఎన్‌క్యూ సైజు రాడ్లు, 700 నుంచి 800 ఆర్‌పీఎం. పంపు ప్రెషర్ మామూలుగ చదరపు సెంటీమీటరుకు 25 కిలోలు, బొక్క బిగుసుకున్నప్పుడు 35 దాక పోతది. ఆగి ఉన్న హోసు నుంచి తిరిగే రాడ్లకు నీళ్లు అందించే వాటర్ స్వివెల్‌ల వాష్ పైపు (నీళ్లు పోయే తిరుగుడు పైపు) 45 మి.మీ., దాని మీద నీళ్లు కారకుండ ఆపే వీ ఆకారం రబ్బరు ప్యాకింగ్ అయిదు రింగులు, అటొకటి ఇటొకటి అడాప్టర్ రింగులు, పైన వాటిని అదిమే గ్లాండ్ నట్టు.

కొత్త సెట్టు వేస్తే మొదటి షిఫ్టుల చుక్క రాదు. రెండో షిఫ్టుల చుక్కలు మొదలు, మూడో షిఫ్టుకు ధార. నట్టు బిగిస్తే అరగంట ఆగి మళ్ల ముందటికంటే ఎక్కువైతది. గ్రీజు బూడిద రంగుల నీళ్లతోని కలిసి బయటికి వస్తున్నది. పైపు మీద గోరు పెట్టి జరిపితే రెండు మూడు చోట్ల తగులుతున్నది. నిన్నటి నుంచి బేరింగ్ కూడా గరగర అంటున్నది.

ప్యాకింగ్ కంపెనీ మార్చాల్నా, టెఫ్లాన్ రింగులు వేయాల్నా, లేకపోతే మెకానికల్ సీల్ ఉన్న స్వివెల్ కొనుక్కోవాల్నా?

స్వివెల్_కాజీపేట:

అన్నా, ముందు వాష్ పైపు సంగతి చూడండి. గోరుకు తగిలే గాడి ఉన్న పైపు మీద ఏ కంపెనీ రింగు వేసినా మూడు షిఫ్టులే. గాడి, బూడిద గ్రీజు, బేరింగ్ చప్పుడు అని మీరు చెప్పిన మూడూ వేర్వేరు రోగాలు కావు. ఇసుక రింగుల నడుమకు పోయి పైపును కోస్తున్నది. ఆ గాడి వెంట నీళ్లు పాకి బేరింగ్ గ్రీజును కడిగేస్తున్నయి. బేరింగ్ లూజై పైపు ఊగుతున్నది. ఊగే పైపు ప్రతి చుట్టుకు రింగును ఒక పక్కకు నెట్టి ఇసుకకు మళ్ల దారి ఇస్తున్నది. నడుమల ఒక్క ప్యాకింగ్ మారిస్తే మిగిలిన రెండూ కలిసి దాన్ని తినేస్తయి.

రబ్బరు మీద ఎంత పని పడుతున్నదో ఒకసారి లెక్క కట్టండి. 45 మి.మీ. పైపు 800 ఆర్‌పీఎం మీద తిరిగితే రాపిడి వేగం సెకనుకు దాదాపు 1.9 మీటర్లు, నిమిషానికి 113 మీటర్లు. షిఫ్టుల ఆరు గంటలు తిరిగితే 40 కిలోమీటర్లు. హన్మకొండల బయలుదేరి పరకాల దాటేంత దూరం ఆ రింగు అంచు ఇనుము మీద రాసుకుంట పోతున్నది. నడుమల పల్చటి నీటి పొర, గ్రీజు పొర ఉన్నంత సేపే అది బతుకుతది. నట్టు బిగిస్తే ఎక్కువైతున్నది అన్నరు కదా, కారణం ఇదే. వీ-రింగును నీటి ప్రెషరే తెరిచి పైపుకు అదుముతది, మనం నట్టుతోని అదిమే అవసరం లేదు. గట్టిగ బిగిస్తే ఆ పొర పిండుకపోతది, అంచు కాలి గాజులెక్క అయితది. గట్టిపడ్డ అంచు మళ్ల పైపుకు అతుక్కోదు.

విప్పే ముందు ఒక పరీక్ష చేయండి. స్వివెల్ కింది మూతికి ప్లగ్గు వేసి, తిప్పకుండ పంపుతోని 25 కిలోలు పట్టి అయిదు నిమిషాలు ఆపండి. అప్పుడే కారితే రింగులు తలకిందులు పడ్డయన్నా, గాడి లోతుగ ఉన్నదన్నా, లేకపోతే గూస్‌నెక్ (హోసు తగిలించే వంపు పైపు) దగ్గరి ఓ-రింగ్ పోయిందన్నా అర్థం. తర్వాత ప్రెషర్ పూర్తిగ దించి పావు చుట్టు తిప్పి మళ్ల పట్టండి. ఇట్ల నాలుగు చోట్ల చూడండి. ఒక్క చోటనే కారితే పైపు వంకర, లేదా ఒక పక్క అరిగింది. ఆపి ఉన్నప్పుడు ఎక్కడా కారకుండ, తిరిగేటప్పుడే కారితే తప్పు బేరింగ్‌ది.

ప్యాకింగ్‌కు, బేరింగ్‌కు నడుమ బాడీకి ఒక చిన్న బొక్క ఉంటది, చూసే ఉంటరు. ప్యాకింగ్ దాటిన నీళ్లు బేరింగ్‌లకు పోకుండ బయటికి పడేందుకే అది. చుక్కలు పడుతున్నయని కొందరు దానికి బోల్టు కొట్టి మూస్తరు, కొన్నిచోట్ల బురద పట్టి దానంతట అదే మూసుకపోతది. అది మూసుకుంటే నీళ్లకు బేరింగ్ తప్ప వేరే తోవ లేదు. మీ బేరింగ్ గరగరకు మొదటి అనుమానం దాని మీదనే. సన్నటి తీగతోని పొడిచి చూడండి.

విప్పినంక పాత రింగులు పారేయకండి, కడిగి వెలుతురుల పట్టుకొని చూడండి. లోపలి అంచు నల్లగ మెరిసి, వంచితే పిట్లితే అది ఎండి కాలింది. గ్రీజు అందలేదు, నట్టు ఎక్కువైంది, లేదా పంపు ఆగినంక కూడా రాడ్డు తిరిగింది. అంచు మీద సన్నటి గీతలు, వాటిల్ల వేలికి తగిలే ఇసుక పలుకులు ఉంటే మట్టి నీళ్లల్ల ఇసుక ఎక్కువ. ఒక పక్క పల్చగ, ఇంకో పక్క మందంగ ఉంటే పైపు నడుమల లేదు. వెనక మడమ చిరిగి పల్చటి నాలుకలెక్క బయటికి వచ్చి ఉంటే వెనకున్న బుష్ అరిగి సందు పెరిగింది, 35 కిలోల దగ్గర రబ్బరు ఆ సందులకు పారుతున్నది. ఒక్కో పక్క సందు 0.2 మి.మీ. దాటితే బుష్ మార్చాలె. రింగు మెత్తగ ఉబ్బి ఉంటే ఆ రబ్బరుకు పడని నూనె ఏదో తగిలింది. డీజిల్‌తోని కడగడం చాలాచోట్ల అలవాటు, మానండి.

బిగించేటప్పుడు వీ నోరు నీళ్ల ప్రెషర్ దిక్కు ఉండాలె. స్క్రూడ్రైవర్‌తోని నెట్టకండి, అంచు తెగుతది. నైలాన్ గొట్టమో కట్టె గుల్లనో చేసుకొని ఒక్కో రింగును విడిగా కూర్చోబెట్టండి, ప్రతి దానికి గ్రీజు పూయండి. అతుకు లేని రింగులే మేలు. తప్పక కోసిన రింగులు వేస్తే కోత 45 డిగ్రీల ఏటవాలుగ ఉండాలె, ఒక దాని అతుకు ఇంకోదాని మీదికి రాకుండ 120 డిగ్రీలు జరపాలె. నట్టు చేతితోని తిరిగేంత వరకే. ఆ తర్వాత 10 కిలోల ప్రెషర్ మీద, తక్కువ ఆర్‌పీఎంల పదిహేను నిమిషాలు నడిపి, ఆపి, ప్రెషర్ దించి, అవసరమైతేనే నట్టును చుట్టుల ఎనిమిదో వంతు తిప్పండి. ఒకేసారి అంతకు మించొద్దు.

నీళ్ల పంపు ఆపి, ప్రెషర్ సున్నాకు వచ్చినంకనే గ్రీజు పెట్టాలె. పంపు నడుస్తుంటే రింగు పైపుకు అదుముకొని ఉంటది, గ్రీజు నడుమకు పోదు. బలవంతం చేస్తే చేతి గన్ను కూడా 300 కిలోల పైన ప్రెషర్ పుట్టిస్తది, రింగు అంచు తిరగబడుతది. పంపు ఆపి, రాడ్డు చేతితోని మెల్లగ తిప్పుకుంట, కొత్త గ్రీజు కనపడేదాక కొట్టండి. ఈ సైజుకు మూడు నుంచి అయిదు స్ట్రోకులు సరిపోతయి. మీ దగ్గర ఇసుక ఎక్కువ కాబట్టి షిఫ్టుకు ఒకసారి చాలదు, రెండు గంటలకోసారి పెట్టండి. ప్యాకింగ్‌కు నీళ్లకు కరగని కాల్షియం గ్రీజు, బేరింగ్‌కు లిథియం ఈపీ-2. రెండు నిప్పల్స్ వేరు, గన్నులు కూడా వేరు పెట్టుకోండి. బేరింగ్ నిప్పల్‌కు లెక్క లేకుండ కొడితే దాని ఆయిల్ సీల్ బయటికి తోసుకొస్తది.

టెఫ్లాన్ సంగతి: రాపిడి తక్కువే, కాని రబ్బరుకున్న సాగుడు దానికి లేదు. ఊగే పైపును అది వెంబడించదు. మెకానికల్ సీల్ శుభ్రమైన నీళ్లకు చాలా మంచిది. మట్టి నీళ్లల్ల దాని స్ప్రింగుల సందులు ఇసుకతోని బిగుసుకుంటయి, నీళ్లు లేకుండ కొద్దిసేపు తిరిగినా ముఖాలు పగులుతయి, అప్పుడు మొత్తం సీలే మార్చాలె. ప్యాకింగ్ అయితే సైటు మీదనే అరగంటల మార్చుకుంటరు. మీ పనికి వీ-ప్యాకింగే ఉంచుకోండి, డబ్బు వాష్ పైపు మీద పెట్టండి.

లేత్_గ్రైండింగ్_వరంగల్:

పై అన్న చెప్పిందానికి పైపు పని మటుకు కలుపుతున్న.

గాడి పడ్డ పైపును లేత్ మీద పెట్టి ఎమరీతోని మెరిపించి ఇయ్యమని అడుగుతరు. అది చేయించకండి. మెరుపు వస్తది కాని సైజు తగ్గుతది, పైగా ఎమరీని పైపు పొడుగునా జరిపితే మర లెక్క సన్నటి గీత పడుతది. పైపు తిరిగినప్పుడు ఆ గీత నీళ్లను మోసుకొని బయట పోస్తది. ఒక దిక్కు తిరిగితే కారుడు, ఇంకో దిక్కు తిరిగితే ఆగుడు ఉన్నదంటే ఆ గీతే కారణం.

సరైన పద్ధతి: గాడి మొత్తం పోయేదాక గ్రైండింగ్, దాని మీద హార్డ్ క్రోమ్ పూత, మళ్ల గ్రైండింగ్. ఆఖరి గ్రైండింగ్ అయినంక క్రోమ్ ఒక్కో పక్క కనీసం 0.1 మి.మీ. మిగలాలె. క్రోమ్ పట్టించి గ్రైండింగ్ చేయకుండ తెచ్చుకుంటే దాని గరుకు రింగును ఆకురాయి లెక్క అరగదీస్తది. ఫినిషింగ్ ఆర్‌ఏ (గరుకు కొలత) 0.4 మైక్రాన్ లేదా ఇంకా నునుపు. గ్రైండింగ్ రాయిని పొడుగునా నడపకుండ నేరుగ లోపలికి దించి చేయమని చెప్పండి, అప్పుడు మర గీత రాదు.

గీత ఉన్నదా లేదా అనేది దారంతోని తెలుస్తది. పైపును లేత్‌ల పట్టి పల్చటి నూనె రాసి, సన్నటి నూలు దారం దాని మీద వేలాడేసి, కింద 30 గ్రాముల నట్టో బోల్టో కట్టండి. దారం పైపును సగం పైన చుట్టుకొని ఉండాలె. 20 ఆర్‌పీఎం మీద తిప్పండి. దారం ఉన్నచోటనే నిలబడితే పైపు మంచిది. ఒక పక్కకు నడుచుకుంట పోయి, తిప్పుడు దిక్కు మారిస్తే వెనక్కి నడిచిందంటే గీత ఉన్నట్టే, వాపస్ ఇయ్యండి. రెండు దిక్కుల తిప్పినా ఒకే పక్కకు పోతే పైపు కొన ఒకటి సన్నగ ఉన్నది, లేదా లెవెల్ల లేదు. అయిదు నిమిషాల పని, పైపు తీసుకునే ముందు మీ కళ్ల ముందట చేయించుకోండి.

ఇక డయల్ గేజ్, అంటే పైపు ఎంత ఊగుతున్నదో చూపే కొలత ముల్లు. బేరింగ్ వేసి బిగించినంక ప్యాకింగ్ కూర్చునే చోట ముల్లు పెట్టి ఒక చుట్టు తిప్పండి. 0.05 మి.మీ. లోపల ఉండాలె. 0.1 దాటితే సెట్టు విప్పి బేరింగ్ సీటింగ్ చూడండి. ముల్లును అట్లనే ఉంచి పైపును చేతితోని పక్కకు నెట్టి కూడా చూడండి, ఆ ఆట బేరింగ్‌ది.

మడ్‌పంపు_రామగుండం:

ఇసుక తగ్గించకపోతే క్రోమ్ కూడా దండగే. మన గోదావరి లోయల బొగ్గు పొరల నడుమ ఉండేది బరాకర్ ఇసుకరాయి. దాంట్ల క్వార్ట్జ్ పలుకులు మామూలు స్టీలు కంటే గట్టివి, హార్డ్ క్రోమ్‌తోని సమానంగ తలపడుతయి.

మట్టి నీళ్లల్ల 75 మైక్రాన్ జల్లెడ మీద నిలిచే ఇసుక 1 శాతం లోపల ఉంచండి. కొలిచే కిట్టు లేకుంటే నిటారుగ ఉండే సీసా తీసుకోండి. పది సెంటీమీటర్ల ఎత్తు దాక పంపు సక్షన్ దగ్గరి మట్టి నీళ్లు, దాని మీద ఇంకో పది సెంటీమీటర్లు మంచి నీళ్లు పోసి బాగ కుదిపి నిలబెట్టండి. నిమిషం తర్వాత అడుగున గరుకు పొర ఎంత మందం ఉన్నదో చూడండి. 1 మి.మీ. అంటే దాదాపు 1 శాతం. కిట్టంత ఖచ్చితం కాదు, రోజురోజుకు పెరుగుతున్నదా తగ్గుతున్నదా తెలిసేందుకు చాలు.

ఒకటే గుంత ఉంటే రెండు చేయండి, వీలైతే మూడు. తిరిగి వచ్చే కాలువ వెడల్పుగ, లోతు తక్కువగ ఉంటే నీళ్లు మెల్లగ నడుస్తయి, ఇసుక దారిలనే దిగుతది. సక్షన్ పైపు మూతి గుంత అడుగు మీద పడుకోబెట్టొద్దు. ఖాళీ డబ్బాకు కట్టి తేలేటట్టు చేయండి, అడుగు నుంచి కనీసం ఒక ఫీటు పైన ఉండాలె. గుంత అడుగున ఉన్న ఇసుక రోజుకోసారి తీయాలె.

షిఫ్టు అయిపోయినంక అయిదు నిమిషాలు మంచి నీళ్లు పంపి, ఆ తర్వాత గ్రీజు కొట్టి ఆపండి. బురద రింగుల నడుమ ఎండితే తెల్లారి మొదటి పది చుట్లకే అంచు తెగుతది.

ఇంకోటి, హోసు బరువు. నీళ్లు నిండిన హోసు స్వివెల్‌ను ఒక పక్కకు గుంజుతుంటే పైన చెప్పిన కొలతలన్నీ పెట్టినా పైపు ఒక పక్కనే అరుగుతది. హోసును మాస్టుకు (రిగ్ నిలువు స్తంభానికి) తాడుతోని కట్టి, బరువు తాడు మీద పడేటట్టు చూడండి.

బోరుబండి_నర్సంపేట:

ఇదే చోట అడుగుతున్న, ఏమనుకోకండి. మాది బోరు బండి, ఆరున్నర ఇంచుల బొక్క, కంప్రెషర్ 300 పీఎస్ఐ. రోటరీ హెడ్ గేర్‌బాక్స్ కింది ఆయిల్ సీల్ నుంచి నూనె రాడ్డు మీద కారుతున్నది. నెలల మూడుసార్లు సీల్ మార్చినం. వైటన్ సీల్ వేస్తే ఆగుతదా?

హైడ్రాలిక్_కరీంనగర్:

వైటన్ వేడి కోసం, అన్నా. మామూలు నైట్రైల్ సీల్ 100 డిగ్రీల దాక తట్టుకుంటది. మీ స్పిండిల్ (రాడ్డును తిప్పే షాఫ్టు) 100 మి.మీ. అనుకున్నా 40 ఆర్‌పీఎంల రాపిడి వేగం సెకనుకు 0.2 మీటర్లే, అక్కడ వేడి పుట్టదు. ఆయిల్ సీల్ ప్రెషర్ ఆపేందుకు చేసింది కాదు, మామూలు సీల్ 0.3 నుంచి 0.5 కిలోల దాకనే ఆగుతది. నెలల మూడు పోయినయంటే గేర్‌బాక్స్ లోపల ప్రెషర్ చేరుతున్నది. అది ఎక్కడి నుంచి వస్తున్నదో పట్టుకోవాలె.

మొదలు డిప్‌స్టిక్ చూడండి. కింద కారుతున్నా లెవెల్ తగ్గకుండ, పెరుగుతున్నదంటే హైడ్రాలిక్ మోటారు షాఫ్ట్ సీల్ పోయి దాని నూనె గేర్‌బాక్స్‌లకు దిగుతున్నది. చిక్కటి గేర్ ఆయిల్ పల్చబడి రంగు మారి ఉంటది, రెండు వేళ్ల నడుమ రాస్తే తెలుస్తది. మోటారు సీల్ ఊరికెనే పోదు. కేస్ డ్రెయిన్ లైన్ (మోటారు లోపల ఊరిన నూనెను ట్యాంకుకు తీసుకపోయే పైపు) నలిగిందా, దాని కప్లింగ్ సగమే పట్టిందా, రిటర్న్ ఫిల్టర్‌కు ముందు ఎవరన్నా కలిపిండ్రా చూడండి. ఆ లైన్ వేరే దేనితోని కలవకుండ నేరుగ ట్యాంకుకు పోవాలె.

లెవెల్ పెరగకపోతే గాలి మీద అనుమానం. బ్రీదర్ (గేర్‌బాక్స్ గాలి పీల్చుకునే మూత) విప్పి, ఆ మూతికి పల్చటి పాలిథిన్ కవర్ రబ్బరు బ్యాండుతోని కట్టండి. తిప్పకుండ, మనుషులు దూరం జరిగినంక గాలి వదలండి. కవర్ ఉబ్బితే పైన ఎయిర్ స్వివెల్ ప్యాకింగ్ పోయింది, 300 పీఎస్ఐ గాలి స్పిండిల్ వెంట గేర్‌బాక్స్‌లకు వస్తున్నది. అప్పుడు మార్చాల్సింది పై ప్యాకింగ్, కింది సీల్ కాదు. గాలిల నూనె కలిపే లైన్ ఆయిలర్ ఖాళీగ నడిపినా ఆ ప్యాకింగ్ ఎండి పోతది. కవర్ ఉబ్బకపోతే బ్రీదర్‌నే చూడండి. రాతి పొడితోని మూసుకపోతే నూనె వేడెక్కినప్పుడు లోపల గాలి పెరిగి కింది సీల్ నుంచే తోవ చేసుకుంటది. బ్రీదర్‌ను వారానికోసారి కడగండి.

మన దిక్కు గ్రానైట్ పొడి కింది సీల్‌కు నేరుగ తగులుతది. ఒక్క అంచు సీల్ కాకుండ దుమ్ము అంచు కూడా ఉన్న టీసీ రకం వేయండి. జాగా ఉంటే రెండు సీల్స్ వీపులు కలిపి వేసి, నడుమ గ్రీజు నింపండి. స్పిండిల్ మీద అంచు కూర్చునే చోట గాడి ఉంటే, సీల్ వెనక 2 మి.మీ. రింగు పెట్టి అంచును కొత్త జాగాకు జరపొచ్చు, నూనె బొక్క మూసుకోకుండ చూసుకోండి. ఎక్కించేటప్పుడు స్పిండిల్ మర మీద ప్లాస్టిక్ టేపు చుట్టాలె, లేకుంటే బిగించే నిమిషంలనే అంచు చీరుతది. దుకాణంల మేకుకు తీగతోని వేలాడేసిన సీల్స్ కొనకండి. తీగ ఆనిన చోట అంచు వంగి ఉంటది, స్ప్రింగు ఉన్నా అక్కడ అతుక్కోదు.

కోర్‌రిగ్_భూపాలపల్లి:

అందరికి ధన్యవాదాలు. డయల్ పెట్టి చూస్తే 0.22 మి.మీ. వచ్చింది. చిన్న బొక్క బురదతోని పూర్తిగ మూసుకపోయి ఉన్నది. పాత రింగులు ఒక పక్క పల్చగ, అంచు మీద ఇసుక గీతలు. బేరింగ్ మార్చి, పైపు క్రోమ్‌కు ఇచ్చినం. ఒక్క అనుమానం: కొత్తది బిగించినంక చిన్న బొక్కల నుంచి అసలు చుక్క పడొద్దా, పడొచ్చా?

స్వివెల్_కాజీపేట:

మొదటి గంటల నిమిషానికి నాలుగైదు చుక్కలు పడితే పడనియ్యండి, రింగులు కూర్చుంటున్నయి. తర్వాత తగ్గాలె. తగ్గకుంటే ఎనిమిదో వంతు చుట్టు, రెండుసార్లే. మూడోసారి నట్టు అడిగిందంటే బిగింపుతోని పోయే కారుడు కాదు, విప్పి చూడండి. చుక్కలల్ల గ్రీజు రంగు కనపడితే మంచిదే, ఇసుక కనపడితే మడ్ అన్న చెప్పిన సీసా తీయండి.

స్వివెల్ తిరుగుతుండంగ నట్టు బిగించనియ్యకండి. బేరింగ్ బిగుసుకుంటే బాడీ కూడా రాడ్డుతోపాటు తిరుగుతది, హోసు రాడ్డుకు చుట్టుకుంటది, పానా పట్టుకున్న చెయ్యి దాంతోపాటే పోతది. బాడీకి సేఫ్టీ తాడు మాస్టుకు కట్టి ఉండాలె. రొటేషన్ ఆపి, పంపు ఆపి, గేజ్ ముల్లు సున్నా మీద ఉన్నదని కళ్లతోని చూసినంకనే పానా ముట్టనియ్యండి. హెల్పర్ పిల్లలకు ఇది మీరే నిలబడి ఒకసారి చేసి చూపియ్యండి.